తన కోరిక మేరకు

రియాద్ చుట్టూ తిరిగే రింగ్ రోడ్డులో దిగే దారులకు నంబర్లుంటాయి. చాలామంది చిరునామా చెప్పేటప్పుడు ఆ నంబరుతోనే మొదలుపెట్టేవారు. ఆ కంపెనీ లేబర్ క్యాంపు ఎగ్జిట్ 18 దగ్గర. ఎగ్జిట్ అన్న మాట క్యాంపులో పొద్దున లేస్తే వినిపించేది. ఎవరూ పట్టించుకునేవారు కాదు. 2016 వేసవిలో మాత్రం ఆ మాట వినపడితే అన్నం తినేవాళ్లు చెయ్యి ఆపి చూడడం మొదలుపెట్టారు.

కారణం చమురు ధర. 2014 నడిమధ్య పీపా వంద డాలర్ల పైన పలికింది. 2016 జనవరికి ముప్పై డాలర్ల కిందికి పడింది. ప్రభుత్వం నుంచి కాంట్రాక్టర్లకు రావలసిన బిల్లులు ఆగాయి. కాంట్రాక్టర్లు కూలీల జీతాలు ఆపారు. ఆ క్యాంపులో రెండు నెలల జీతం బాకీ పడింది. రాత్రి షిఫ్టు ఎత్తేశారు. సగం కట్టిన పిల్లర్ల మీద కడ్డీలు ఆరుబయట తుప్పు పడుతున్నాయి.

ఆ కడ్డీలు కట్టినవాళ్లలో ఒకతన్ని క్యాంపులో అందరూ పెద్దన్న అనేవారు. జగిత్యాల దగ్గర పల్లె. 2007లో వచ్చాడు. తొమ్మిదేళ్లు నిండాయి. నెలకు 1,500 రియాళ్లు. కొత్తగా వచ్చిన పిల్లలకు ఇంటికి డబ్బు ఎట్లా పంపాలో, ఇఖామా కార్డు ఎక్కడ దాచుకోవాలో చెప్పేది అతనే. ఇఖామా అంటే అక్కడ ఉండడానికి ఇచ్చే గుర్తింపు కార్డు. అప్పట్లో అది జేబులో లేకుండా వీధిలోకి వెళ్లకూడదు.

పెద్దన్నకు ఒక్కతే బిడ్డ. శ్రావణమాసంలో పెళ్లి కుదిరింది.

రంజాన్ నెల నాలుగో రోజు, గురువారం, అతను టైమ్ కీపర్ గదికి వెళ్లాడు. టైమ్ కీపర్ కేరళ మనిషి. హిందీ వచ్చు, ఇంగ్లీషు రాస్తాడు.

"సారూ, ఛుట్టీ కావాలె. బిడ్డ పెండ్లి."

టైమ్ కీపర్ తెల్లకాగితం తీశాడు. నాలుగు ముక్కలు రాశాడు. ప్లీజ్ గ్రాంట్ మీ లీవ్ ఫ్రమ్ కంపెనీ. మై డాటర్ మ్యారేజ్. ఆఫ్టర్ ఈద్ ఐ గో ఇండియా. థాంక్ యూ. కింద తేదీ వేశాడు: 9-6-2016. పెద్దన్న తెలుగులో సంతకం చేశాడు.

ఆ కాగితం ఆఫీసులో నేరుగా చెల్లదు. సౌదీ కార్మిక చట్టం తొమ్మిదో అధికరణ ప్రకారం కంపెనీ రికార్డులన్నీ అరబ్బీలో ఉండాలి. పక్కన మరో భాష ఉన్నా, తేడా వస్తే అరబ్బీలో ఉన్నదే నిలుస్తుంది. అందుకని ఆఫీసులో తర్జుమా చేసే మనిషి ఒకతను ఉన్నాడు. అరబ్బీలో ముతర్జిమ్ అంటారు. క్యాంపు అతన్ని ముతర్జిమ్ సాబ్ అనేది.

ముతర్జిమ్ సాబ్‌ది హైదరాబాద్, బార్కాస్. నిజాం సైన్యంలో పనిచేయడానికి యెమెన్‌లోని హద్రమౌత్ నుంచి వచ్చిన అరబ్బులు కాపురాలు పెట్టిన పేట అది. వాళ్ల బ్యారక్స్ జనం నోట్లో బార్కాస్ అయింది. అతని తాతలు అట్లా వచ్చినవాళ్లే. ఇంట్లో ఉర్దూ, వీధిలో తెలుగు, ఉస్మానియాలో అరబ్బీ చదువు. రియాద్ వచ్చి చాలా ఏళ్లయింది. అతని బల్ల మీద రెండే వస్తువులు శాశ్వతం. ఒకటి టీ ఫ్లాస్కు. రెండోది మునీర్ బాల్‌బకీ కూర్చిన అల్ మౌరిద్, ఇంగ్లీషు-అరబ్బీ నిఘంటువు. 1967లో బేరూత్‌లో మొదట అచ్చయిన పుస్తకం. రంజాన్ కాబట్టి ఫ్లాస్కు ఖాళీగా ఉంది.

ఆదివారం పెద్దన్న కాగితం ఆ బల్ల మీదికి వచ్చింది.

మొదటి వాక్యం దగ్గరే ముతర్జిమ్ సాబ్ ఆగాడు. లీవ్ ఫ్రమ్ కంపెనీ. కంపెనీ నుంచి సెలవా? కంపెనీని వదిలిపోవడమా? తిరిగి వస్తానని కాగితంలో ఎక్కడా లేదు. ఈద్ తర్వాత ఇండియా వెళతాననే ఉంది.

ఇంగ్లీషులో లీవ్ ఒక్కటిగా కనిపిస్తుంది గాని అవి పుట్టుకతో రెండు మాటలు. అనుమతి అనే అర్థం ఉన్నది ఒకటి. వదలడం, మిగల్చడం అనే అర్థం ఉన్నది ఇంకొకటి. పాత ఇంగ్లీషులో వాటి రూపాలు వేరు. కాలం గడిచి ఒకే అక్షరాల్లోకి వచ్చి పడ్డాయి. సెలవు అడిగేవాడూ, ఉద్యోగం మానేసేవాడూ, ఆస్తి రాసిచ్చి కన్నుమూసేవాడూ ఇప్పుడు ఆ ఒక్క మాటే వాడతారు.

అరబ్బీలో ఆ సౌకర్యం లేదు. సెలవు ఇజాజా. వదిలేయడం తర్క్. చనిపోయినవాడు వదిలి వెళ్లిన ఆస్తిని తరికా అంటారు, అదీ తర్క్ నుంచి పుట్టిందే. రాజీనామా ఇస్తిఖాలా. ఇజాజాకు ధాతువు దాటడం అనే అర్థమున్నది. పాస్‌పోర్టును జవాజ్ అనేదీ, ఆ శాఖను జవాజాత్ అనేదీ ఆ ధాతువుతోనే. హైదరాబాద్‌లో పెద్దల దగ్గర లేచేముందు ఇజాజత్ అడగడమూ దానితోనే.

మాట మారితే పాస్‌పోర్టు ఆఫీసులో పడే ముద్ర మారుతుంది. ఇజాజా అని రాస్తే ఖురూజ్ వ ఔదా. బయటికి వెళ్లి, తిరిగి రావడం. తర్క్ అని రాస్తే ఖురూజ్ నిహాయీ. చివరి ఎగ్జిట్. మళ్లీ రావాలంటే కొత్త వీసా, కొత్త ఏజెంటు, కొత్త అప్పు.

డబ్బు లెక్కా మారుతుంది. పని ముగిసినప్పుడు ఇచ్చే మొత్తాన్ని కార్మికులు హిసాబ్ అంటారు. కంపెనీ పంపేస్తే మొదటి ఐదేళ్లకు ఏటా సగం నెల జీతం, ఆపైన ఏటా ఒక నెల జీతం. కార్మికుడు తనే మానేస్తే కోత పడుతుంది. ఐదు దాటి పదేళ్ల లోపైతే మూడింట రెండు వంతులే చేతికి వస్తుంది. పదేళ్లు నిండినవాడికి కోత లేదు. పెద్దన్నకు ఇంకో ఏడాది తక్కువ.

ముతర్జిమ్ సాబ్ రోజాలో ఉన్నాడు. బయట ఎండ నలభై డిగ్రీలు దాటింది. తల నొప్పిగా ఉంది. కంపెనీ అన్న మాట లీవ్ పక్కనే ఉండడంతో అతని కలం మొదట తర్క్ అని రాసింది. తర్క్ అల్ అమల్, పని వదలడం. రాసి చూసుకున్నాడు. కాగితం పక్కన పెట్టాడు. ఇంకో కాగితం తీసి ఇజాజా అని రాశాడు. ఏదీ సంతకానికి పంపలేదు. రెండూ డ్రాయరులో పెట్టి తాళం వేశాడు.

ఆ రాత్రి ఇఫ్తార్ అయ్యాక క్యాంపుకు బస్సులో వెళ్లాడు. ఆఫీసు మనుషులు క్యాంపుకు రావడం అరుదు. పెద్దన్న మంచం మీదినుంచి లేచి, దులిపి చోటిచ్చాడు. గదిలో మిగిలిన ఐదుగురూ గోడకు జరిగారు.

"తమ్మీ, ఒక్క మాట అడుగుదామని వచ్చిన. నీకు సెలవు కావాల్నా, సెలవు తీసుకుంటున్నవా?"

పెద్దన్నకు అర్థం కాలేదు. "రెండూ ఒక్కటే గద సాబ్."

"ఒక్కటి కాదు. పెండ్లి చేసి మళ్ల వస్తవా, రావా?"

"రాకుంటె ఎట్ల? పెండ్లికి తెచ్చిన అప్పు ఎవరు కడ్తరు? నాలుగు లచ్చలు."

"మరి కాగితంల ఆ ముచ్చట లేదు."

"నాకేం ఎరుక సాబ్. గాయన రాసిండు, నేను దస్కతు చేసిన. పోయొస్త అని రాయుండ్రి. మా దిక్కు పోత అని ఎవరూ అనరు. పోయొస్త అనే అంటరు."

ముతర్జిమ్ సాబ్ నవ్వాడు. బార్కాస్‌లోనూ అంతే. ఖురూజ్ వ ఔదాకు అంతకంటే సరైన తెలుగు దొరకదు.

మర్నాడు డ్రాయరు తీశాడు. ఇజాజా అని ఉన్న కాగితాన్ని శుభ్రంగా మళ్లీ రాశాడు. కూతురి పెళ్లి తర్వాత తిరిగి వచ్చి పనిలో చేరతాడని ఒక వాక్యం చేర్చాడు. దరఖాస్తు తేదీని హిజ్రీలోకి మార్చి పైన వేశాడు: 4/9/1437. రెండు చిత్తు కాగితాల్లో ఒకటి చించాడు, ఇంకొకటీ చించాడు. శుభ్రంగా రాసినదాన్ని ఇంగ్లీషు కాగితానికి పిన్ను చేసి ముదీర్ గదికి పంపాడు.

ముదీర్ అంటే మేనేజరు.

రంజాన్ సగం గడిచాక పెద్దన్నకు పిలుపు వచ్చింది. ఆఫీసులో గుమాస్తా మూడు కాగితాలు ముందు పెట్టాడు. వేలితో మూడు చోట్లు చూపించాడు. పెద్దన్న మూడు చోట్లా సంతకం పెట్టాడు. ఒక కాపీ ఇచ్చారు. అందరికీ చెప్పి, రెండు కిలోల ఖర్జూరాలు కొనుక్కుని క్యాంపుకు వచ్చాడు. శ్రావణానికి ముందే ఇంట్లో ఉంటానని భార్యకు ఫోను చేశాడు.

గదిలో ఒక కుర్రవాడికి అరబ్బీ అంకెలు వచ్చు. కారు నంబరు ప్లేట్లు చూసి నేర్చుకున్నాడు. కాగితం తీసుకుని చదివాడు.

"పెద్దన్నా, ఇండ్ల 26/8 అని ఉన్నది. ఆగస్టు 26 గదా. అప్పటిదాంక పంపరా ఏంది?"

పెద్దన్న చేతిలో ఖర్జూరం ఆగింది. ఆగస్టు 26 అంటే పెళ్లి అయిపోయి పది రోజులు. చెప్పులు వేసుకుని బయటికి పరుగెత్తాడు. ఆఫీసు దాకా పోయేసరికి ముతర్జిమ్ సాబ్ బస్సు ఎక్కబోతున్నాడు.

"సాబ్, ఆగస్టు 26 అని రాసిండ్రట. నా బిడ్డ పెండ్లి అయిపోతది."

ముతర్జిమ్ సాబ్ కాగితం అందుకున్నాడు. "ఆగస్టు కాదు తమ్మీ. అది హిజ్రీ నెల. నువ్వు భయపడకు, ఈద్ అయినంక పోవచ్చు," అంటూనే కిందికి చదివాడు.

అక్కడ ఖురూజ్ నిహాయీ అని ఉంది. దాని ముందు వాక్యం: బినాఅన్ అలా రగ్‌బతిహీ. తన కోరిక మేరకు.

బస్సు వెళ్లిపోయింది. ముతర్జిమ్ సాబ్ ఎక్కలేదు. ఆ రెండు ముక్కలను మళ్లీ చదివాడు. కాగితంలో ఇంకేముందో అతని కంటికి ఆనలేదు.

"ఏమైంది సాబ్?"

"నువ్వు పని మానేస్తున్నవని రాసిండ్రు."

పెద్దన్న చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత అడిగాడు. "మీరు పోయొస్త అని రాయలేదా?"

ముతర్జిమ్ సాబ్ రాశాననే అనబోయాడు. నోరు తెరిచాడు గాని మాట రాలేదు. రెండు చిత్తు కాగితాలు గుర్తొచ్చాయి. ఒకటి చించాడు. రెండోది కూడా చించాడు. చించింది ఆ రెండేనా? శుభ్రంగా రాసినదే పంపాడా? ఆ రోజు తల నొప్పి. కలం ముందు తర్క్ అనే రాసింది. శుభ్రంగా రాసేటప్పుడు చెయ్యి మళ్లీ ఆ దారినే పోయిందా?

మర్నాడు ముదీర్ గదికి వెళ్లాడు. పెద్దన్న ఫైలు ఒకసారి చూస్తానన్నాడు. ముదీర్ ఫైలు ఇవ్వలేదు.

"అతను కంపెనీ వదిలి వెళతానన్నాడు. నీ తర్జుమా చదివే ఉత్తర్వు రాశాం. ఇప్పుడు వేరే మాట చెబుతావా?"

"తిరిగి వస్తాడని రాశాను."

"రాసి ఉంటే మేం ఎందుకు చివరి ఎగ్జిట్ రాస్తాం?"

దానికి ముతర్జిమ్ సాబ్ దగ్గర జవాబు లేదు. రాసి ఉంటే ఎందుకు రాస్తారు? తను తప్పు రాశాడు కనుకనే అది అట్లా వచ్చింది.

ఉత్తర్వు మార్చమని అడిగాడు. సంతకం అయిపోయింది, కార్మికుడే మూడు చోట్ల పెట్టాడు, ఇక కుదరదన్నాడు ముదీర్. లేబర్ ఆఫీసుకు వెళ్లవచ్చు. అక్కడ కేసు తేలేసరికి శ్రావణం దాటిపోతుంది. పెద్దన్న వద్దన్నాడు.

"బిడ్డ పెండ్లికి నేను లేకుంటె ఎట్ల సాబ్. పోనీయుండ్రి."

క్యాంపులో సంగతి తెలిసిపోయింది. ఎవరూ ముతర్జిమ్ సాబ్‌ను ఒక్క మాట అనలేదు. కాని దరఖాస్తులు తెచ్చేవాళ్లు తగ్గారు. తెచ్చినవాళ్లు బల్ల దగ్గర నిలబడి, "సాబ్, ఛుట్టీ అని రాసిండ్రా, చూపియ్యుండ్రి," అని అడిగి వెళ్లేవారు. అరబ్బీ రానివాళ్లు కూడా ఆ కాగితాన్ని కాసేపు తేరిపార చూసేవారు.

అతను అల్ మౌరిద్ తీసి ఎల్ అక్షరం దగ్గర గుర్తుకు కాగితం ముక్క పెట్టుకున్నాడు. లీవ్ అన్న మాట వచ్చిన ప్రతి దరఖాస్తుకూ ఆ పేజీ తీసేవాడు. కంఠతా వచ్చిన అర్థాలనే మళ్లీ వేలు పెట్టి చదివేవాడు. రాసినదాన్ని ముగ్గురికి చూపించి పంపేవాడు.

ఈద్ వెళ్లిన వారానికి హిసాబ్ వచ్చింది. మొదటి ఐదేళ్లకు 3,750 రియాళ్లు. తర్వాతి నాలుగేళ్లకు 6,000. మొత్తం 9,750. తన కోరిక మేరకు మానేశాడు కాబట్టి అందులో మూడింట రెండు వంతులు, 6,500. బాకీ ఉన్న జీతం తర్వాత పంపుతామన్నారు.

కోత 3,250 రియాళ్లు. ఆనాటి మారకంలో ఇంచుమించు యాభై ఎనిమిది వేల రూపాయలు.

ముతర్జిమ్ సాబ్ ఆ రాత్రి బత్‌హా బజారుకు వెళ్లాడు. తన ఖాతాలో నుంచి 3,250 రియాళ్లు తీశాడు. కవరులో పెట్టాడు. పెద్దన్న విమానం ఎక్కే రోజు క్యాంపుకు వచ్చి ఇచ్చాడు.

"హిసాబ్‌ల లెక్క తప్పు దొరికింది తమ్మీ. కంపెనీ మిగిలింది ఇచ్చింది."

పెద్దన్న లెక్కపెట్టుకున్నాడు. కళ్లకద్దుకున్నాడు.

"కంపెనీ మంచిదే సాబ్. మాటల తేడా వచ్చిందిగని."

ముతర్జిమ్ సాబ్ తల ఊపాడు.

పెద్దన్న అందరి దగ్గరా సెలవు తీసుకున్నాడు. అలవాటు చొప్పున పోయొస్త అన్నాడు. ఎవరూ సరిదిద్దలేదు. కింగ్ ఖాలిద్ విమానాశ్రయంలో ముద్ర పడింది. శ్రావణంలో పెళ్లి జరిగింది. ఫోటోలు క్యాంపుకు వచ్చాయి. పందిట్లో అతను కొత్త పంచెతో నిలబడి ఉన్నాడు. ముతర్జిమ్ సాబ్ ఆ ఫోటోను ఫోనులో పెద్దది చేసి చూసి, మూసేశాడు.

తర్వాతి నెలలో అతను తర్జుమా పని వద్దని రాసిచ్చాడు. స్టోరులో గుమాస్తాగా వేయమన్నాడు. కారణం అడిగితే కళ్లు సరిగా కనిపించడం లేదన్నాడు. వేరే మనిషి దొరికేదాకా ఆగమన్నారు.

ఆ వేసవిలో ఒక్క ఆ క్యాంపే కాదు, సౌదీలో చాలా చోట్ల భారతీయ కార్మికులు జీతాలందక చిక్కుకుపోయారు. కొన్ని క్యాంపుల్లో వంటశాలలు మూతపడ్డాయి. ఆగస్టులో విదేశాంగ సహాయమంత్రి వి.కె. సింగ్ జెద్దా వచ్చారు. రాయబార కార్యాలయం వివరాలు సేకరించడం మొదలుపెట్టింది. ఎవరు ఎప్పుడు వచ్చారు, ఎప్పుడు వెళ్లారు, ఎందుకు వెళ్లారు, ఎంత బాకీ ఉంది. ఈ కంపెనీ నుంచి ఇళ్లకు వెళ్లినవాళ్లు కూడా జీతం బాకీ రాలేదని అర్జీలు పంపారు. పెద్దన్న వాళ్లలో ఒకడు.

కంపెనీ ఫైళ్లన్నీ అరబ్బీలో ఉన్నాయి. రాయబార కార్యాలయానికి ఇంగ్లీషులో ఇవ్వాలి. కొత్త ముతర్జిమ్ ఇంకా రాలేదు. ముదీర్ సెలవులో ఉన్నాడు. గుమాస్తా ఫైళ్ల కట్ట తెచ్చి పాత బల్ల మీదే పెట్టాడు.

అరబ్బీ నుంచి ఇంగ్లీషుకు ముతర్జిమ్ సాబ్ ఎప్పుడో గాని చేసింది లేదు. పేరు, ఇఖామా నంబరు, చేరిన తేదీ, పని ముగియడానికి కారణం, ఉత్తర్వు తేదీ. ఒక్కో మనిషికి ఒక్కో వరుస. హిజ్రీ తేదీలన్నిటినీ ఇంగ్లీషు తేదీలుగా మార్చాలి. గోడ క్యాలెండరులో రెండూ ఉంటాయి. దాన్ని దించి ముందు పెట్టుకున్నాడు.

కట్టలో నుంచి పెద్దన్న ఫైలు ముందు తీశాడు.

పై కాగితం టైమ్ కీపర్ రాసిన ఇంగ్లీషు. దానికి పిన్ను చేసి తన చేతిరాత. అతను వెంటనే చదవలేదు. కళ్లద్దాలు తీసి తుడిచి పెట్టుకున్నాడు.

ఇజాజా అని ఉంది.

కింది వాక్యమూ ఉంది. కూతురి పెళ్లి తర్వాత తిరిగి వచ్చి పనిలో చేరతాడు. కొట్టివేత లేదు, దిద్దుబాటు లేదు. ఇజాజాలోని ప్రతి అక్షరం మీదా వేలు పెట్టి చూశాడు. కాగితం వెనక్కి తిప్పి చూశాడు. మళ్లీ ముందుకు తిప్పాడు. కుర్చీలో వెనక్కి వాలి చాలాసేపు కూర్చున్నాడు. నెలల తర్వాత ఫ్లాస్కులో టీ పోసుకుని నిండు కప్పు తాగాడు.

తన మాట తప్పు కాదు. చదివినవాడు తప్పు చదివి ఉంటాడు. గుమాస్తా తొందరలో చూసి ఉంటాడు. రంజాన్ కదా, అందరూ రోజాలోనే ఉన్నారు. మనుషులన్నాక పొరపాటు జరుగుతుంది. అతను ఎవరినీ తిట్టుకోలేదు. పెద్దన్నకు ఫోను చేసి చెప్పాలనుకున్నాడు. పని అయ్యాక చేద్దామని కలం తీశాడు.

పేరు రాశాడు. ఇఖామా నంబరు రాశాడు. చేరిన తేదీ రాశాడు. కారణం దగ్గర ఆ అరబ్బీ వాక్యాన్ని ఇంగ్లీషులో పెట్టాడు, తన కోరిక మేరకు అని. ఇక ఉత్తర్వు తేదీ ఒక్కటే మిగిలింది. కాగితం మీద 26/8/1437 అని ఉంది. ఎనిమిదో నెల షాబాన్. క్యాలెండరు పేజీలు వెనక్కి తిప్పి, ఆ గడి మీద వేలు పెట్టి, పక్కనున్న ఇంగ్లీషు తేదీ చూశాడు.

పెద్దన్న తన కోరిక మేరకు పని మానేసినట్టు కంపెనీ ఉత్తర్వు రాసింది జూన్ 2న. అతను టైమ్ కీపర్ గదికి వెళ్లి దరఖాస్తు రాయించుకున్నది జూన్ 9న.